ఉత్త ఫ్లాష్

"ఎవలనన్న పిలువు అన్నా, గా కరీంనగర్ ఫొటో ఆయనను మాత్రం పిలువకు" అన్నది మా చెల్లె. తన బిడ్డ పెండ్లికి ఫొటోలు తీసేవాళ్ళను మాట్లాడాలని మెట్‌పల్లిలో మా ఇంటికి వచ్చి, తెలిసినవాళ్ళ పెండ్లి ఆల్బమ్‌లు నాలుగు ముందేసుకుని కూర్చున్నది. నాలుగింట్లో బాగున్నది ఆయన తీసిందే. ఆ సంగతి ఆమెకూ తెలుసు. "ఎంత మంచిగ తీస్తే ఏంది? అత్త ఫొటో ఖరాబు జేసినోడు" అన్నది. నేను చాయ్ కప్పు అందుకున్నాను. ఇన్నేండ్లుగా ఆ మాట వచ్చినప్పుడల్లా నేను ఏదో ఒకటి అందుకుంటూనే ఉన్నాను.

ఖరాబు చేసింది ఆయన కాదు, నేను.

డెబ్బైలు వెళ్ళిపోతున్న రోజుల్లో చెల్లె పెండ్లి జరిగింది. నేను కొత్తగా బడిపంతులు కొలువులో చేరి, నా అంత తెలివిగలవాడు జిల్లాలోనే లేడన్న పొగరు మీద ఉన్నాను. బాపు పందిరీ వంటలూ చూసుకుంటుంటే, ఫొటోల పని నా నెత్తిన వేసుకున్నాను. మా వైపు రంగుల ఫొటోలు అప్పుడప్పుడే మొదలయ్యాయి. రీలుకు ముప్పై ఆరు, మొత్తం మూడు రీళ్ళు. వచ్చేదేమో ఊరంత బలగం. కెమెరా కనబడితే చాలు, ప్రతి మేనమామా పిల్లాజెల్లాతో వచ్చి ఎదురుగా నిలబడేవాడు. తీయకపోతే అలిగి అన్నం ముట్టకుండా వెళ్ళిపోయేవాడు. దానికి ఆ రోజుల్లో ఒక ఉపాయం ఉండేది. కెమెరా మీట నొక్కకుండా ఫ్లాష్ ఒక్కటే వెలిగించడం. తళుక్కుమంటే చాలు, నిలబడ్డవాళ్ళు సంతోషంగా బంతికి పోయేవాళ్ళు.

మా ఊళ్ళో స్టూడియో ఉన్న పెద్దాయనను ముందు అడిగాను. బాపుకు ఆయనంటే గురి. అన్నీ ఒప్పుకున్నాడు గానీ ఉత్త ఫ్లాష్ దగ్గర తల అడ్డంగా ఊపాడు. "రీలు అయిపోతె అయిపోయిందని జెప్త బిడ్డా. మనిషి మొకం జూసుకుంట గట్ల మోసం జేసుడు నాతోని గాదు" అన్నాడు. ముసలాయన చాదస్తం అనుకున్నాను. మర్నాడే కరీంనగర్‌కు బస్సెక్కి వేరే ఆయనను మాట్లాడుకుని వచ్చాను. మంచి పనివాడు, చేతిలో కొత్త కెమెరా. నా మాటకు నవ్వి, "మీరు ఎట్లంటె గట్లనే సార్" అన్నాడు. గుర్తు కూడా నేనే పెట్టాను. నేను కళ్ళద్దాలు సర్దుకుంటే నిజం ఫొటో, లేకుంటే ఉత్త ఫ్లాష్. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాలో నేనే మురిసిపోయాను.

మా మేనత్త, అంటే బాపు అక్క, చిన్న వయసులోనే భర్త పోయి మా ఇంటికి చేరిన మనిషి. మమ్మల్ని కన్న అవ్వ పొద్దంతా పొలంలో ఉంటే, సాకింది ఆమే. చెల్లెకు జడలు, నాకు దెబ్బలు, ఇద్దరికీ బువ్వ ఆమె చేతి మీదే. అయినా పెండ్లినాడు పందిట్లోకి రాలేదు. భర్త లేని ఆడది శుభకార్యంలో ముందుకు రావద్దని ఎవరూ చెప్పనక్కర్లేదు. తనంతట తానే వెనక దొడ్లో వంటల దగ్గర కూర్చున్నది. అందరం చూశాం, ఎవరం పిలవలేదు.

తలంబ్రాలు అయిపోయి బంతులు లేచే వేళకు నన్ను దొడ్లోకి పిలిచింది. "కొడుకా, నాదొక ఫొటో తీపియ్యరాదు? అడుగుదామంటె సిగ్గయితున్నది గని, పోయినంక గోడకు పెట్టెటందుకు ఒక్కటన్న ఉండాలె గద" అన్నది. అరవైకి దగ్గరపడ్డ మనిషి, అంతవరకు ఒక్క ఫొటో కూడా దిగలేదు. సరేనని ఫొటో ఆయనను దొడ్లోకి పిలుచుకొచ్చాను. పెట్టెలోంచి చీర తీసి కట్టుకుని, తల దువ్వుకుని వచ్చి, కుర్చీలో వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నా వైపు చూసింది.

మూడో రీలులో నాలుగే మిగిలాయి. అప్పగింతలు ఇంకా ఉన్నాయి. పందిట్లో పెండ్లికొడుకు తరఫువాళ్ళు ఇంకో గుంపు ఫొటోకు కుర్చీలు వేయిస్తున్నారు. వాళ్ళకు తక్కువైతే మాట పడాలి. అత్తదేముంది, ఇంట్లో మనిషి, ఎప్పుడైనా తీయించవచ్చు అనుకున్నాను. ఫొటో ఆయన నా మొహంకేసి చూశాడు. ఒకసారి కాదు, రెండుసార్లు చూశాడు. నా చెయ్యి లేవలేదు. ఫ్లాష్ వెలిగింది. అత్త కళ్ళు నలుపుకుంటూ లేచి, "గంతేనా? జెప్తె జర నవ్వుదును గద" అన్నది.

ఫొటోలు తయారై వచ్చాక అత్త ఆల్బమ్‌ను మూడుసార్లు తిరగేసింది. "నాది ఏది కొడుకా?" అంటే, ఇంకా రావలసినవి ఉన్నాయన్నాను. నెల తర్వాత మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే చెప్పాను. స్టూడియో మా వీధి చివరనే. తీసుకెళ్ళి కూర్చోబెడితే అరగంట పని. ఆ అరగంట నాకు రెండేండ్లు దొరకలేదు, సిగ్గులేనివాణ్ణి. తర్వాత ఆమె అడగడం మానేసింది. రెండేండ్లు నిండాక వానకాలంలో జరం వచ్చి నాలుగు రోజుల్లో పోయింది.

దినాలనాడు పీట మీద పెట్టడానికి పటం లేదు. చెల్లె ఏడ్చుకుంటూ, "అత్తను తీసిన్రంటిరి గద, గా ఫొటో ఏది అన్నా?" అన్నది. అందరూ నా వైపు తిరిగారు. "ఫొటో ఆయన ఖరాబు జేసిండు. రీలుకు ఎల్తురు సోకిందట" అన్నాను. నోట్లోంచి ఎంత సాఫీగా వచ్చిందో ఆ మాట! బలగమంతా పాకింది. ఆ తర్వాత మావాళ్ళ ఇండ్లలో ఏ పెండ్లికీ ఆయనను పిలవలేదు. ఒకసారి కరీంనగర్ బజారులో ఎదురుపడి, "నాతోని ఏం తప్పయ్యింది సార్? మీ దిక్కునుంచి ఒక్కలు గూడ వస్తలేరు" అని అడిగాడు. ఏమీ లేదని చెప్పి, బస్సుకు వేళయిందని తప్పించుకున్నాను. నా బస్సుకు ఇంకా గంట ఉన్నది.

చెల్లె ఆయన ఆల్బమ్‌ను పక్కకు నెట్టేసరికి ఇక తట్టుకోలేకపోయాను. ఉన్నదున్నట్టు చెప్పేశాను. కళ్ళద్దాల గుర్తు, మిగిలిన నాలుగు ఫొటోలు, లేవని నా చెయ్యి, అన్నీ చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. 

"గా దినం అత్త ఏ చీర కట్టుకున్నది?" అని అడిగింది.

గుర్తు చేసుకోబోయాను. కుర్చీ గుర్తున్నది. ఆ చేతులు గుర్తున్నాయి. చీర ఎంతకూ గుర్తు రాలేదు. ఎదురుగా నిలబడి చూసినవాణ్ణి, నా ధ్యాసంతా రీలు మీదే ఉండె. "యాదికి లేదు చెల్లె" అన్నాను.

"నేను గూడ సూడలే అన్నా. పందిట్లకెళ్లి ఎట్ల అగుపిస్తది? ఫొటోల సూద్దం తియ్ అనుకున్న" అన్నది.