ప్రశ్న గరిటె

పొలిక్సేనీ టీచరు గొంతు ఒకప్పుడు మా ఊరు ప్లొమారి రేవులో వలలు బాగుచేసుకునే వాళ్ళకు కూడా వినిపించేది. ముప్పై ఏళ్ళుగా రెండో తరగతి ఆమెదే. ఆ బడి తుడిచేది నేను కనుక వాక్యాల్లో రకాలు నాకూ కంఠతా వచ్చేశాయి: చెప్పేవి, అడిగేవి, చెయ్యమనేవి, అబ్బా అనేవి. దీనికి ఆమె పుస్తకమే తెరిచేది కాదు. "చేపలొచ్చాయి" అన్న ఒక్క మాటనే రకరకాలుగా అరిస్తే, ఏది ఏ రకమో పిల్లలు ఇట్టే పట్టేసేవారు.

కిందటి చలికాలం ఆమె గొంతులో గడ్డ తీశారు. మనిషి దక్కింది, గొంతు దక్కలేదు. గుసగుస ఒక్కటే మిగిలింది. గుసగుసతో పాఠం చెప్పలేదా ఏం అనుకున్నాను, తెలివితక్కువదాన్ని. కొన్ని భాషల్లో చివర ఒక దీర్ఘం తీస్తే ప్రశ్న అయిపోతుందట. మా గ్రీకుకు ఆ సుఖం లేదు. చెప్పినా, అడిగినా అవే మాటలు. గొంతు పైకి లేస్తే ప్రశ్న, దిగితే మామూలు వాక్యం. గుసగుసకు లేవడమూ తెలియదు, దిగడమూ తెలియదు.

ఆమె బడికి తిరిగొచ్చిన మొదటిరోజే ఆ సంగతి బయటపడింది. లెక్కల పీరియడ్‌లో కుదురులేని పిల్లల్ని చూసి ఆమె "ఇంటికెళ్తున్నారా?" అని దెప్పింది. పదిహేడు మందీ సంచులు తగిలించుకుని మెట్లు దిగేశారు. గేటు దగ్గర చీపురు అడ్డం పెట్టాను.

"ఎక్కడికర్రా?"

"ఇంటికెళ్తున్నారు అని టీచరే చెప్పారు!" అంది పళ్ళూడిన లెమోనియా.

పోనీ కనుబొమలు ఎగరేసి అడుగుదామంటే మా ఊళ్ళో దానికి అర్థం "కాదు" అని. చివరికి నా వంటింటి చెక్కగరిటెలు మూడు పట్టుకెళ్ళి రంగు వేశాను. మొదటిదాని మీద చుక్క. రెండోదాని మీద చుక్క, దాని కింద కామా. మా ప్రశ్నగుర్తు అదే. మూడోదాని మీద నిలువుగీత, కింద చుక్క. దాన్ని గాల్లో ఊపితే ఆశ్చర్యం, బల్లమీద కొడితే ఆజ్ఞ. పప్పు గరిటె ఏమైందని మా ఆయన వారంపాటు సణిగాడు. సణగనీ.

పిల్లలకు గరిటెల పాఠం భలే నచ్చింది. ఆమెకే మనసు కుదుటపడలేదు. మిటిలిని పట్నంలో ఉన్న విద్యాశాఖ ఆఫీసులో కాగితాల పని ఇస్తామని ఉత్తరం వచ్చింది. శుక్రవారంలోగా సంతకం పెట్టి పంపాలి.

"గొంతులేనిదాని దగ్గర పిల్లలేం నేర్చుకుంటారే, గరిఫాలియా?" అంది నాతో.

నోరుమూసుకో అనబోయి నాలిక్కరుచుకున్నాను. చిన్నప్పుడు ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం, కోపం ఎక్కడికి పోతుంది?

"పోతే పో. నా గరిటెలు నాకిచ్చి పో," అన్నాను.

శుక్రవారం ఆఖరి పీరియడ్. వరండాలో కిటికీ అద్దాలు తుడుస్తున్నాను. గరిటెలు మూడూ బల్లమీదే ఉన్నాయి. దేన్నీ ఎత్తకుండా, తాను వెళ్ళిపోతున్న సంగతి పిల్లలతో గుసగుసగా అనేసింది.

పిల్లలు మొహామొహాలు చూసుకున్నారు.

"చెప్పారా, అడిగారా?"

"ఆజ్ఞేమోరా."

"తనకు తనే ఆజ్ఞేంట్రా, మొద్దూ!"

లెమోనియా లేచి వెళ్ళి రెండో గరిటె తీసింది. టీచరు చేతిలో పెట్టి, ఆ వేళ్ళు మూసింది.

"ఇది మర్చిపోయారు టీచర్. వెళ్ళిపోనా అని అడిగారు కదా? మళ్ళీ అడగండి."

పొలిక్సేనీ ఆ గరిటెను పైకెత్తి, అవే మాటలు మళ్ళీ అంది.

పదిహేడు తలలు ఒక్కసారిగా వెనక్కి వాలాయి. పదిహేడు నాలుకలు "త్స్" అన్నాయి. మా ఊళ్ళో అంతకంటే గట్టి "వద్దు" లేదు. నాకు ఏడుపు ఆగలేదు, తుడిచిన అద్దమే మళ్ళీ తుడిచాను.

సంతకం లేని ఆ ఉత్తరం సాయంత్రం చెత్తబుట్టలో దొరికింది. నా గరిటెలు మాత్రం ఇప్పటికీ తిరిగి రాలేదు. ఇవ్వమని అడిగితే మూడోదాన్ని బల్లమీద కొడుతుంది.