వద్దన్నా వచ్చే నీలం చెప్పులు

మా అయ్య పోయిన నెల తిరక్కముందే ఆయన ఫోన్లోకి నీలం చెప్పులు రావడం మొదలైంది. మా ఇళ్లల్లో నాన్నని అయ్య అంటాం. శ్రీకాకుళం ఒడ్డు నుంచి పడుచుతనంలో కలకత్తా వచ్చి, రేవులో ఓడల సరుకు దించి, వాట్‌గంజ్‌లోనే ముసలాడై, అక్కడే పోయాడు. ఆయన ఫోను అమ్మ తీసుకుంది. మధ్యాహ్నం వంట సర్దుకున్నాక అందులో తెలుగు సీరియళ్లూ పాటలూ పెట్టుకుని చూస్తుంది. ఒకరోజు పాట కింద ఆ చెప్పుల బొమ్మ వచ్చింది. మర్నాడు వార్తల పక్కన వచ్చింది. ఆ తర్వాత ఏది తెరిచినా అవే. వెడల్పాటి పట్టీలు, మెత్తటి అట్ట, షుగర్ ఉన్నవాళ్ల కాళ్ల కోసం చేసినవి.

ఇంకో ఇంట్లో అయితే వేలితో పక్కకి తోసేసి ఊరుకునేవారు. మా ఇంట్లో అలా కుదరదు. ఎందుకో చెప్పాలి.

మాలో పెద్దకర్మ రోజున పోయిన మనిషి పేరు మీద గొడుగు, చెప్పులు, నీళ్ల చెంబు దానమిస్తాం. పోయినవాళ్లు కాలే ఇసక మీద, ముళ్ల మీద చాలా దూరం నడవాలట. ఇక్కడ ఇచ్చిన చెప్పులు అక్కడ వాళ్ల కాళ్లకి అందుతాయట. ఆ రోజు కుండపోత వాన. వీధిలో మోకాలి లోతు నీళ్లు. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్ నుంచి రావలసిన పంతులుగారు తడిసి ముద్దై ఆలస్యంగా వచ్చారు. ఆ కంగారులో చెప్పులు తేవడం అందరం మరిచిపోయాం. మా చిన్నాన్న పరిగెత్తి ఫుట్‌పాత్ మీద దొరికిన హవాయి చెప్పులు పట్టుకొచ్చాడు. పంతులుగారు పుచ్చుకున్నారు, మంత్రం చదివారు, అయిపోయిందన్నారు. అమ్మ మాత్రం వాటికేసి చూస్తూ, "ఆ వాపు కాలికి ఇవెలగ దూరతాయి?" అంది. అయ్యకి షుగరు, పోయేముందు కాళ్లు బాగా వాచిపోయాయి. ఎవరూ పట్టించుకోలేదు.

అందుకని నీలం చెప్పులు పదేపదే రావడం చూసి అమ్మ ఒకరోజు ఫోను నా మొహం ముందు పెట్టింది.

"సూడే. మీ అయ్య సెప్పులు అడుగుతన్నాడు."

"అది యాడ్ అమ్మా. అయ్య బతికున్నప్పుడు ఫోన్లో ఆ సెప్పుల కొట్టు తెరిసి సూసినాడు కదా, అందుకే ఒత్తంది. ఫోను గుర్తెట్టుకుంటాది."

"అదే నానూ అంటన్నాను. గుర్తెట్టుకుని అడుగుతన్నాడు."

నాకు ఒళ్లు మండింది. సాల్ట్ లేక్‌లో, సెక్టర్ ఫైవ్‌లో, పొద్దస్తమానం నేను చేసే పనే వెబ్‌సైట్లు బాగుచెయ్యడం. ప్రకటనలు మనుషుల వెంట ఎలా పడతాయో నాకు చెబుతుందా ఈవిడ, అనుకున్నాను. ఒళ్లు మండడంతో పాటు జలదరించింది కూడా. అది మాత్రం బయటపెట్టలేదు.

మర్నాటి నుంచి అమ్మ చెప్పులు వేసుకోవడం మానేసింది. ఆయన ఉత్తికాళ్లతో నడుస్తుంటే నాకెందుకు అంది. వాట్‌గంజ్ వీధులంటే లారీల నుంచి రాలిన మేకులు, గాజుపెంకులు, చేపలు కడిగిన నీళ్లు. అమ్మకీ షుగరుంది. కింది వాటాలోని బెంగాలీ బౌదీ, అంటే వదినగారు, తన చెప్పుల జత తెచ్చి గుమ్మంలో పెట్టి బతిమాలినా వినలేదు.

నేను ఊరుకోలేదు. అవే నీలం చెప్పులు, అయ్య కాలి కొలతకి, నా ఫోన్లోంచి తెప్పించాను. పంతులుగారిని మళ్లీ పిలిచి ఇప్పించాం. ఆ పూట అమ్మ కడుపునిండా తింది. తెల్లారి అమ్మ కాఫీ తాగుతూ అయ్య ఫోను తెరిస్తే అవే చెప్పులు. నేను కొన్నది నా ఫోన్లోంచి. అయ్య ఫోనుకి ఆ సంగతి తెలీదు, ఆయన ఇంకా కొనలేదనే అనుకుంటోంది. ఇదంతా అమ్మకి విడమరచి చెప్పబోయాను.

"అందలేదే," అంది అమ్మ. అంతే.

దుర్గాపూజలు వెళ్లాక ఆమె అరికాల్లో రేకు గుచ్చుకుంది. పుండు మానలేదు. ఇలా చెప్పుల్లేకుండా తిరిగితే కాలు తీసెయ్యాల్సి వస్తుందని డాక్టరు అమ్మ వింటుండగానే చెప్పాడు. అమ్మ బుద్ధిగా తలూపింది, మెట్లు దిగింది, ఉత్తికాళ్లతోనే ఇంటికొచ్చింది.

ఆ రోజుల్లో నాకూ మతి స్థిమితంగా లేదు. ఒకసారి ఆఫీసుకి వెళ్లే బస్సులో పక్కన కూర్చున్నాయన ఫోను చూసుకుంటుంటే తెర మీద ఆ నీలం చెప్పులు కదిలిపోయాయి. అది ఎవరికైనా వచ్చే ప్రకటనే. ఆ మాట నాకు నేనే చెప్పుకున్నాను. అయినా దిగేదాకా ఆయన కాళ్ల వైపు చూడలేకపోయాను.

ఫోను మొత్తం తుడిచేస్తే పీడ విరగడవుతుంది. కాని అయ్య ఫోన్లో ఏదీ చెరపనని అమ్మ నాచేత తన తల మీద చెయ్యి పెట్టించి ఒట్టేయించుకుంది. అందులో ఆయన గొంతుంది, ఊళ్లో చుట్టాలకి పంపిన కబుర్లున్నాయి. ఒట్టు తప్పే ధైర్యం నాకు లేదు. ఇంత చదువుకున్నాను, అయినా లేదు.

ఇంతకీ ఆ చెప్పుల కొట్టు మా ఆఫీసు చూసుకునే సైట్లలో ఒకటి. దాని సంగతి అయ్యకి చెప్పింది నేనే. ఆయన తన ఫోన్లో తెరిచి, ఆ నీలం జత దగ్గర చాలాసేపు ఆగి, "ఇప్పుడు కొంటే వాపు తగ్గినాక వదులైపోతాయి, తగ్గనీ," అన్నాడు. వాపు తగ్గలేదు.

చలికాలంలో ఆ కొట్టుకి ఒక హెచ్చరిక వచ్చింది. వాళ్లు బయటి దేశాలకి కూడా చెప్పులు పంపుతారు. మీ సైటుకి వచ్చేవాళ్లని మీరు సరిగ్గా అడగడం లేదు, ఆ పద్ధతి మార్చకపోతే ఆ దేశాల్లో మీ ప్రకటనలు ఆపేస్తాం అని ప్రకటనల సంస్థ రాసింది. అడగడమంటే, సైటు తెరవగానే అడుగున లేచే పెట్టె ఉంటుంది కదా, కుకీలు వాడుకోవచ్చా అంటూ, అదే. కుకీ అంటే సైటు మన ఫోన్లో పెట్టి పోయే చిన్న గుర్తు. దాన్ని పట్టుకునే ప్రకటనలు మనల్ని ఎక్కడున్నా పోల్చుకుంటాయి. నిబంధన సూటిగానే ఉంది. మనిషి ఒప్పుకునేదాకా గుర్తు పెట్టకూడదు. వద్దనే మీట కూడా సరేననే మీటంత తేటగా కనబడాలి. తర్వాత మనసు మార్చుకునే దారి ఉండాలి. ఆ పెట్టెని సరిచేసే పని నాకిచ్చారు.

ముందు పాత పెట్టెని పరీక్షించడానికి కూర్చున్నాను. పేజీ తెరిస్తే అది ఎవరెవరికి కబుర్లు పంపుతోందో పక్కన వరుసగా కనబడేలా పెట్టుకోవడం మా పనిలో మామూలే. తెరిచాను. నేనింకా ఏదీ నొక్కలేదు, అప్పటికే ప్రకటనల వాళ్లకి కబుర్లు వెళ్లిపోయాయి. 'సరే' అనేది పెద్ద పచ్చ మీట. 'వద్దు' అనేది దాని కింద బూడిదరంగు అక్షరాల్లో నక్కి ఉంది. దాన్ని నొక్కాను. పెట్టె మర్యాదగా తప్పుకుంది. కబుర్లు మాత్రం ఆగలేదు. వద్దన్నవాళ్ల వెంట కూడా ప్రకటన పోతూనే ఉంది.

అయ్య ఏం నొక్కాడో నాకు తెలుసు. చదవని కాగితం మీద వేలు పెట్టకూడదని రేవులో యూనియన్ వాళ్లు నూరిపోసిన మనిషి ఆయన. ఫోను ఏదడిగినా వద్దే. కెమెరా వాడుకోవచ్చా అంటే వద్దు. అప్‌డేట్ చేసుకోవచ్చా అంటే వద్దు. చివరికి అది ముక్కుతూ మూలుగుతూ నడిచేది, నేను తిట్టేదాన్ని. ఆ బూడిద అక్షరాల్ని కళ్లద్దాలు పైకెత్తి వెతికి మరీ నొక్కాడు. నేను పక్కనే ఉన్నాను. ఆయన వద్దన్నాడు, ఎవరూ వినలేదు. పోయాక కూడా ఆయన్ని తిప్పుతూనే ఉన్నారు.

కొత్త పెట్టెలో రెండు మీటలూ ఒకే కొలతలో, ఒకే రంగులో పెట్టాను. మా పనులు చూసే పెద్దాయన, అన్నయ్య అన్నట్టు ఆయన్ని దాదా అంటాం, పెదవి విరిచాడు.

"వద్దు అనే మీట ఉంటే చాలు కదా, అంత ఎదురుగా దేనికి? జనం అదే నొక్కుతారు," అన్నాడు బెంగాలీలో.

"నొక్కనీ దాదా. వద్దనుకునేవాళ్లే కదా నొక్కేది."

"చెప్పులమ్ముకునేవాడి మీద నీకింత కక్షేమిటి?"

నవ్వుతూనే అడిగాడు. నా గొంతు పెరిగింది, పక్క టేబుళ్ల వాళ్లు తలలు తిప్పారు. హెచ్చరిక చూపించాను, నిబంధన చూపించాను. ఆయన సరే కానివ్వమన్నాడు. పాత జవాబులేవీ నమ్మదగ్గవి కావు గనక అందరినీ మళ్లీ మొదట్నుంచి అడగాలని కూడా ఒప్పించాను. ఆ అందరిలో మా అయ్య ఫోనొకటి.

కొత్త పెట్టె పనిచెయ్యడం మొదలైన వారం, ఆదివారం పొద్దున్న, అమ్మ పక్కన కూర్చుని అయ్య ఫోన్లో ఆ కొట్టు తెరిచాను. పెట్టె లేచింది. నేను చేసిన పెట్టే. అయినా ఎవరో తలుపు తట్టి అయ్య ఉన్నాడా అని అడిగినట్టనిపించింది.

"ఇక్కడ నొక్కితే ఆ సెప్పులు ఇంక రావమ్మా," అన్నాను. "ఏదీ సెరపక్కర్లేదు. పాత గుర్తు మీద కొన్నాల్లు ఒత్తాయి, తరవాత ఆగిపోతాయి."

అమ్మ తెర వైపు చూసింది. "అయితే మీ అయ్య అడగడం మానేత్తాడా? అడుగుతన్నా మనకి ఇనబడదా?"

ఒక్క అబద్ధం చాలు. చెప్పులు అందాయి, అందుకే ఇంక అడగడు అంటే అమ్మ ఆ క్షణమే చెప్పులేసుకునేది. కాలు దక్కేది. మాట నాలిక చివరిదాకా వచ్చింది. కాని ఇన్నాళ్లూ నేను చేసిందేమిటి? మనుషుల చేత తెలియకుండా మీట నొక్కించే కిటుకుల్ని ఒక్కొక్కటే పీకి పారేశాను. ఇప్పుడు అదే కిటుకు అమ్మ మీద వాడనా? వాడకపోతే ఆ కాలు ఏమవుతుంది? ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. ఆ కోపం కూడా అయ్య మీదే.

"నాకు తెల్దమ్మా," అన్నాను. "మనకి ఇనబడదు. అంతవరకే సెప్పగల్ను."

అమ్మ తన కాలికేసి చూసుకుంది. కట్టు కట్టిన కాలు పీట మీద ఉంది.

"మీ అయ్య అప్పుడు ఏటి నొక్కినాడు?"

"వద్దనే నొక్కినాడు."

"మరెలగొచ్చినాడు?"

"ఆ కొట్టోల్లు ఇన్లేదమ్మా. వద్దన్నా తిప్పుతన్నారు."

ఆ మాట అమ్మకి అంతకుముందు నేను చెప్పలేదు. ఆమె మొహం మారిపోయింది. ఇన్నాళ్లూ ఆయన చెప్పుల కోసం తనకి తానుగా వస్తున్నాడనుకుంది. రానన్న మనిషిని ఎవరో ఈడ్చుకొస్తున్నారని ఇప్పుడు తెలిసింది.

"ఒగ్గీమను," అంది. "ఆయన్ని ఒగ్గీమను."

నేను వేలు పెట్టేలోపు తనే నొక్కింది, బొటనవేలితో, గట్టిగా.

చెప్పులు ఇంకొన్నాళ్లు వచ్చాయి, పలచబడ్డాయి, ఆగిపోయాయి. అమ్మ ఇప్పుడు చెప్పులేసుకునే బజారుకి వెళ్తోంది. పుండు ఎండుముఖం పట్టింది. మధ్యాహ్నాలు ఆ ఫోను పాటలు పాడుతుంది, మధ్య మధ్య సబ్బులూ బిస్కెట్లూ వస్తాయి. అమ్మ వాటిని చూసీ చూడనట్టు తోసేస్తుంది.

నాకు మాత్రం నెమ్మది లేదు. కొత్త పెట్టె సరిగ్గా నడుస్తోందో లేదో చూడ్డానికి ఆఫీసులో రెండు కంప్యూటర్లు వాడాను. ఒకదాంట్లో వద్దని నొక్కాను, ఒకదాంట్లో సరేనని. పని ముగిసింది గనక గుర్తులన్నీ చెరిపి రెండింటినీ శుభ్రం చెయ్యమని దాదా చెప్పాడు. మొదటిది చేసేశాను. సరేనన్నదాన్ని రేపు చేస్తానంటూ నెట్టుకొస్తున్నాను. భోజనాలకి అందరూ కిందికి దిగాక దాని ముందు కూర్చుని ఏదో ఒక పేజీ తెరుస్తాను. ఆ చెప్పులు రావడం కాస్త ఆలస్యమైతే భయమేస్తుంది. వచ్చాక ఇంకా భయమేస్తుంది. ఆ నీలం చెప్పుల వైపు చూస్తూ, "వచ్చినావా అయ్యా," అంటాను, ఎవరికీ వినబడకుండా. అమ్మ ఆయన్ని వదిలేసింది. నేను వదల్లేదు.