మాయనగారి పద్నాలుగు ఓట్లు

రాయపూర్ గుఢియారీలో, రైలు పట్టాల పక్కనున్న తెలుగువాళ్ల లైనులో, ఈ నియోజకవర్గానికి ఇంతవరకూ ఎవరెవరు ఎమ్మెల్యేలయ్యారో తెలుసుకోవాలంటే గంగాభవానిని అడగాలి. చేతిలో పని ఆపకుండానే చెబుతుంది. మొదటాయన జేబు గడియారం వకీలు. రెండో ఆయన బియ్యం మిల్లు సేఠ్. పార్టీల సంగతి ఆవిడకు పట్టదు. ఎవరి కాలంలో వీధి దీపం వచ్చింది, ఎవరు గెలిచాక మళ్లీ ఈ వైపు తొంగి చూడలేదు, ఆవిడ చరిత్రంతా అదే.

మూడో ఆయన గురూజీ. ఆ పేరు దగ్గర మాత్రం చేతిలో పని ఆగుతుంది.

గంగాభవాని శ్రీకాకుళం వైపు నుంచి పెళ్లయి వచ్చింది. భర్త జోగయ్య రాయపూర్ యార్డులో పాయింట్స్‌మన్. ఏ బండి ఏ పట్టా మీదికి పోవాలో మీట లాగి మార్చడం అతని పని. అసెంబ్లీ నాగపూర్ నుంచి భోపాల్‌కు మారిన కొత్తలో, ఎమ్మెల్యే బండి ఎక్కిన రోజల్లా ఇంటికొచ్చి మీసం దువ్వుకునేవాడు.

"నాను మీట లాగితేగానీ ఆ బాబు సట్టసభకెల్లడు, తెలిసిందా?"

"తెలిసింది గానీ, కాళ్లు కడుక్కు రండి" అనేది గంగాభవాని.

కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు పట్టాల అవతల నుంచి రావాలి. లైనులో కుళాయి లేదు. ఆడవాళ్లు బిందెలతో ఏడు పట్టాలు దాటాలి. గూడ్సు బండి అడ్డంగా నిలబడితే దాని కింద నుంచి దూరాలి. బండి ఎప్పుడు కదులుతుందో ఎవరికీ తెలియదు.

కొత్త రాష్ట్రంలో మొదటి ఎన్నికలకు ముందు, ఓటర్ల జాబితా రాసుకోవడానికి ఒక గుమాస్తా వచ్చాడు. మిట్టమధ్యాహ్నం. మగవాళ్లంతా డ్యూటీలో ఉన్నారు. వాళ్ల పేర్లు అతని దగ్గర ముందే ఉన్నాయి, ఆడవాళ్ల పేర్లే కావాలి. మొదటి ఇల్లు శేషమ్మది. తన పేరు చెప్పింది.

"పతి కా నామ్?" అన్నాడు గుమాస్తా.

శేషమ్మ కొంగు సర్దుకుంది. మొగుడి పేరు నోట పలికితే ఆయుష్షు తగ్గుతుందని పెరిగిన మనిషి.

"మాయన..." అంది. మా ఆయన ఇంట్లో లేడు, సాయంత్రం రా అని చెప్పబోయింది. అప్పటికే గుమాస్తా రాసేసుకున్నాడు: శేషమ్మ, పతి మాయన. రెండో ఇంట్లో రమణమ్మ కూడా ఆ మాటే అంది. మూడో ఇంట్లో గంగాభవానీ అంతే. లైను చివరికి వచ్చేసరికి మాయనకు పద్నాలుగు మంది భార్యలయ్యారు.

యాభై ఏడులో ఆ పద్నాలుగు మందీ తలలు దువ్వుకుని వెళ్లి ఓటు వేశారు. బూత్ అధికారి జాబితా చూసి "పతి?" అని అడిగితే "మాయన" అన్నారు. జాబితాలోనూ అదే ఉంది. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

అరవై రెండులో గురూజీ మొదటిసారి పోటీ చేశాడు. బడిపంతులు. సైకిలు మీద లైనుకు వచ్చి, దిగి, ఖాళీ బిందె ఎత్తుకుని పట్టాలు దాటి, నిండు బిందెతో తిరిగొచ్చాడు. దారిలో గూడ్సు బండి కింద వంగాడు. చొక్కా తడిసి, మోకాలు కొట్టుకుపోయింది. ఉపన్యాసం ఏమీ చెప్పలేదు. "ఇక్కడ కుళాయి ఉండాలి" అన్నాడు, అంతే.

పోలింగు రోజున పద్నాలుగు మంది పొద్దున్నే బయల్దేరారు. జాబితాలో ఒక్కరి పేరూ లేదు. మిల్లు సేఠ్ ఏజెంటు కడుపు పట్టుకుని నవ్వాడు.

"మాయనా కీ చౌదహ్ బీవియాఁ ఆ గయీఁ!"

మాయన పద్నాలుగు మంది పెళ్లాలూ వచ్చేశారని ఆ మాట. వాళ్లకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. సాయంత్రం జోగయ్య కనుక్కొచ్చి చెప్పాడు. ఒక మనిషికి పద్నాలుగు మంది పెళ్లాలుండరు, పైగా ఆ లైనులో మాయన అనేవాడే లేడు, ఇవన్నీ దొంగ ఓట్లని ఎవరో ఫిర్యాదు చేశారట. పేర్లు కొట్టేశారట.

"దొంగ ఓట్లా?" అంది గంగాభవాని.

తర్వాత ఫలితం తెలిసింది. గురూజీ పదకొండు ఓట్ల తేడాతో ఓడిపోయాడు.

పదకొండు. ఆ అంకె ఆవిడను వదలలేదు. బిందె ఎత్తిన ప్రతిసారీ గుర్తొచ్చేది. ఏడు పట్టాలు దాటుతూ పద్నాలుగులోంచి పదకొండు తీసేసేది. మూడు మిగిలేవి. గురూజీ మూడు ఓట్లతో గెలిచి ఉండేవాడు.

జాబితా మళ్లీ దిద్దడం అరవై ఆరులో మొదలైంది. పద్నాలుగు అర్జీలు వెళ్లాయి. విచారణకు రమ్మని కబురొచ్చింది. కచేరీ వరండాలో అందరూ బారుగా కూర్చున్నారు. అధికారి కళ్లద్దాల పెద్దమనిషి, హిందీవాడు. మాట మెత్తనే గానీ పట్టు గట్టిది.

"పోయినసారి ఇంకొకరు విన్నదీ రాసిందీ కలిసి ఇంత గొడవ చేశాయి. ఈసారి ప్రతి ఆడమనిషీ తన నోటితో మొగుడి పేరు చెప్పాలి. నా చెవికి వినపడాలి" అన్నాడు. ప్యూన్ దాన్ని వచ్చీరాని తెలుగులో చెప్పాడు.

ముందు శేషమ్మ లోపలికి వెళ్లింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బయటికి వచ్చేసింది. రమణమ్మ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"ఓలమ్మ, నా వల్ల కాదు. ఆ కుళాయీ వద్దు, ఈ ఓటూ వద్దు."

భోజనాల తర్వాత కూడా ఇదే వరసైతే కాగితాలు కట్టేస్తానన్నాడు అధికారి.

వరండాలో అటుకుల మూటలు విప్పారు. ఎవరికీ తినబుద్ధి కాలేదు. గంగాభవాని ఆ గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది. పాత గుమ్మం, ఎత్తు గడప. జోగయ్య పేరు తన నోట ఒకే ఒక్కసారి వచ్చింది. అప్పుడు కూడా ఇలాంటి గడప ముందే నిలబడింది. కొత్త కోడలిగా వచ్చిన రోజు ఆడబిడ్డలు గుమ్మానికి చేతులు అడ్డం పెట్టారు. పేరు చెబితేగానీ లోపలికి రానివ్వమన్నారు. అక్కడ చెబితే ఎవరి ఆయుష్షూ తగ్గదు. చెప్పకపోతేనే తప్పు.

ఆవిడ లేచింది. గుమ్మం దగ్గరికి వెళ్లి, రెండు చేతులూ అడ్డంగా చాచింది.

"శేషమ్మ పిన్నీ, లెగు. మొగుడి పేరు సెప్పి లోపలికెల్లు."

శేషమ్మ నోరు తెరిచింది. "ఇదేటే, నీకు మతి పోనాదా?"

"నాను నీ ఆడబిడ్డని. కట్నం కూడా అడగట్లేదు. సెప్పు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు బారు చివరిదాకా పాకింది. శేషమ్మ లేచి, గడప ముందు నిలబడి తల వంచింది. యాభై ఏళ్ల మనిషి మొహంలో పదమూడేళ్ల సిగ్గు కనిపించింది.

"నానూ... మాయన పాపయ్య... వచ్చినాం."

"ఇనపడలేదు. లోపలున్న బాబుకి ఇనపడాలి."

"పాపయ్యే ముండా, పాపయ్య! తియ్యి చెయ్యి!"

లోపల కలం గీసుకున్న చప్పుడైంది. అధికారికి సంగతి అర్థమై ఉండాలి. తల ఎత్తలేదు గానీ, ఒక్కో పేరు వినపడగానే రాసుకుంటూ పోయాడు. రమణమ్మ సూర్యారావు పేరు పాటలా సాగదీసి చెప్పింది. ఒకామె రెండుసార్లు చెప్పింది, సరదాకి. పదమూడు మందీ గడప దాటారు.

గంగాభవానికి అడ్డం పెట్టడానికి బయట ఎవరూ మిగల్లేదు. ఆవిడ చేతులు దించింది. అప్పుడు ప్యూన్, ఛత్తీస్‌గఢీవాడు, అంతసేపూ చూస్తున్నవాడు, వచ్చి తన చెయ్యి గుమ్మానికి అడ్డం పెట్టాడు.

"నావ్ బతా దీదీ, తభే భీతర్ జాబే."

పేరు చెప్పక్కా, అప్పుడే లోపలికి. ఆ మాటకు అనువాదం అక్కర్లేకపోయింది.

"నానూ, మాయన జోగయ్య వచ్చినాం" అంది గంగాభవాని.

అరవై ఏడులో గురూజీ మూడు వందల పైచిలుకు ఓట్లతో గెలిచాడు. ఈ లైను ఓట్లు లేకపోయినా గెలిచేవాడేనని జోగయ్య ఒకసారి అన్నాడు. ఆ రోజు అతనికి అన్నం కాస్త ఆలస్యంగా దొరికింది. మరుసటి ఏడు ఎండలు ముదరకముందే కుళాయి వచ్చింది. మొదటి బిందె ఎవరు పట్టాలన్న తగువు రాలేదు. పద్నాలుగు బిందెలూ బారు తీర్చారు, ఆనాడు కచేరీ వరండాలో కూర్చున్న వరసలోనే.

తర్వాత నియోజకవర్గం సరిహద్దులు మారాయి. లైనును ఒకసారి అటు కలిపారు, ఒకసారి ఇటు తెచ్చారు. ఎమ్మెల్యేలు వచ్చారు, పోయారు. ప్రతి ఎన్నికకూ ముందు కొత్త జాబితా అతికించిన రోజున గంగాభవాని వెళ్లి నిలబడేది. హిందీ అక్షరాలు కూడబలుక్కోవడం ఆ గోడ దగ్గరే నేర్చుకుంది. లైనులో ఏ కొత్త కోడలు వచ్చినా ఆ పేరు జాబితాకు ఎక్కేదాకా ఊరుకునేది కాదు.

ఒక్క ముచ్చట మాత్రం జోగయ్యకు తీరలేదు. కచేరీ గుమ్మంలో ఆవిడ తన పేరు చెప్పిన రోజున అతను డ్యూటీలో ఉన్నాడు. ఊరంతా విన్నది, తను వినలేదు.

"ఒక్కపాలి అనే" అని ఎన్నోసార్లు అడిగాడు.

"ఓటుకి సెప్పినాను. ఊరికే సెప్తారేటి?" అనేది ఆవిడ.

రెండువేలలో ఛత్తీస్‌గఢ్ వేరు రాష్ట్రమైంది. అసెంబ్లీ రాయపూర్‌కే వచ్చింది. ఎమ్మెల్యే ఇక భోపాల్ బండి ఎక్కనక్కర్లేదు, జోగయ్య రిటైరై ఎంతో కాలమైంది. గంగాభవాని ఎమ్మెల్యే ఇంటికి వెళ్లి, నలభై మూడేళ్లుగా ఓటేస్తున్నాను, మీరు కూర్చునే చోటు చూడాలి అంది. రెండు పాసులిచ్చారు.

ఆ చలికాలం ఒక పొద్దున ఇద్దరూ సభ గేటు ముందు నిలబడ్డారు. ఆడ పోలీసు దారికి చెయ్యి అడ్డం పెట్టింది. రెండో చేతిలో రిజిస్టరు.

"నామ్? పతి కా నామ్?"

గంగాభవాని ఆ చెయ్యి వంక చూసింది. పెదవి కొస నవ్వు వచ్చింది.

"గంగాభవాని. నానూ, మాయన జోగయ్య వచ్చినాం."

"పతి... మాయనా?" కలం కాగితం మీద ఆనింది.

"మాయనా నహీ!" ఆవిడ గొంతు గేటు దాటి లోపలికి వెళ్లింది. "జోగయ్య. జో గ య్య. లిఖో."

పోలీసు రాసింది. ఆవిడ వంగి ఒక్కో అక్షరం కూడబలుక్కుని, సరిగ్గా ఉందని తల ఊపింది. చెయ్యి పక్కకు తొలిగింది.

వెనక జోగయ్య కదల్లేదు. చెవి దగ్గర అరచెయ్యి డొప్ప పట్టి నిలబడ్డాడు.

"ఏటే, ఇనపడలేదు. ఇంకోపాలి సెప్పు."

"మూడుపాల్లు సెప్పినాను, సాలు" అంది గంగాభవాని. "నడవండి లోపలికి."