మొదటి లైను చదివేదాకా

పాత కంప్యూటర్ పక్కమూత విప్పగానే ఒక వాసన వస్తుంది. వేడెక్కి చల్లారిన దుమ్ము, కాస్త మాడిన ప్లాస్టిక్కు, ఏళ్ళ తరబడి తెరవని అలమర, అన్నీ కలిసిన వాసన. పోయిన ఆదివారం ఘాజియాబాద్‌లో, ఒక రెండు గదుల ఫ్లాటులో, నేల మీద పాత దుప్పటి పరుచుకుని కూర్చుని అలాంటి మూత ఒకటి విప్పాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దుమ్ము పడిందని ఆంటీతో అబద్ధం చెప్పాను. ఆ కంప్యూటర్ ఆంటీ భర్త అప్పలస్వామి గారిది. ఆయన పోయి రెండు నెలలయింది. కూతురు కొనిచ్చిన కొత్త లాప్‌టాప్ బల్ల మీద పెట్టి, "అంకుల్ అకౌంటూ ఫైళ్ళూ అన్నీ ఇందులోకి మార్చి ఇయ్యమ్మా. దీన్ని పాతసామాన్ల కబాడీవోడికి ఇచ్చీస్తాను," అంది ఆంటీ. సరేనన్నాను. ఈ పని నాకు నేర్పినాయన కంప్యూటర్‌కే ఈ పని చేయవలసి వచ్చింది. ఎంత చెత్త రోజో అది.

నేను కర్నూలు నుంచి ఢిల్లీకి కలెక్టరవుదామని వచ్చినదాన్ని. కటవారియా సరాయ్‌లో, కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ చేతికి తగిలే గదిలో, మూడేళ్ళు చదివి మూడుసార్లూ తప్పాను. ఊరికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. డిగ్రీలో కంప్యూటర్లు ఉన్నాయి కనుక గురుగ్రామ్‌లో ఒక చిన్న కంపెనీలో చేరాను. వేరే ఆఫీసులకు, ఫ్యాక్టరీలకు వెళ్ళి పాత కంప్యూటర్లు తీసేసి కొత్తవి పెట్టడం, పాతవాటిలో ఎవరెవరి అకౌంట్లు ఉన్నాయో వాళ్ళ ఫైళ్ళతో సహా కొత్తవాటిలోకి మార్చడం మా పని. కలెక్టర్ కావలసినదాన్ని తీగలు చుట్టుకుంటున్నానని ఒళ్ళంతా ఉక్రోషం. ఎవరేం చెప్పినా గుచ్చినట్టుండేది.

మా నలుగురి మీద పెద్ద అప్పలస్వామి గారు. శ్రీకాకుళం వైపు మనిషి. సైన్యంలో వైర్‌లెస్ సందేశాలు పంపే సిగ్నల్స్ విభాగంలో పాతికేళ్ళు చేసి రిటైరై ఇందులో చేరారు. ఆఫీసులో హిందీవాళ్ళంతా ఆయన్ని స్వామీజీ అనేవాళ్ళు. మంగళవారం హనుమంతుడి రోజని అందరూ పప్పూ రోటీ తింటుంటే ఆ స్వామీజీ టిఫిన్ డబ్బాలో కోడికూర ఉండేది. ఎవరైనా మొహం చిట్లిస్తే "అచ్ఛా, ఠీక్ హై," అని డబ్బా ఎత్తుకుని మెట్ల మీదికి వెళ్ళి కూర్చుని తినేవారు తప్ప తినడం మానేవారు కాదు.

చేరిన వారంలోనే నాకూ ఆయనకూ చెడింది. ఒక ఆఫీసులో ఒకావిడ ఫైళ్ళన్నీ కొత్త కంప్యూటర్‌లోకి ఎక్కించి, లెక్క సరిపోయిందో లేదో చూసుకుని, అయిపోయిందని కాగితం మీద టిక్కు పెట్టాను. ఆయన వచ్చి ఆ టిక్కు కొట్టేశారు. ఆవిణ్ణి పిలిచి కొత్త కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఆవిడ పాస్‌వర్డ్ ఆవిడ చేతే కొట్టించి, మూడు ఫైళ్ళు తెరవమన్నారు. తెరిచాక ఒక్కొక్క దాంట్లో మొదటి లైను బయటికి చదవమన్నారు. ఆవిడ నవ్వుతూ చదివింది. నాకు ఒళ్ళు మండింది. బయటికొచ్చాక, అన్నీ వచ్చినాయి సార్, నేను చూసినా కదా, అన్నాను.

"నువ్వు పంపించీసినావమ్మా, నాను కాదన్నానా? అవతలోడికి అందినాదని నీకెవుడు సెప్పాడు?" అన్నారాయన. "మా సిగ్నల్స్‌లో అవతలోడు తిరిగి సదివి ఇనిపించేదాకా మెసేజ్ ఎల్లినట్టు కాదు. ఆడు సదివినాకే మనం సెవులకున్నది తియ్యాల."

ఆయన పద్ధతి అంతే. అకౌంటు ఎవరిదో వాళ్ళే కూర్చోవాలి, వాళ్ళే తెరవాలి, మొదటి లైను చదవాలి. అప్పటిదాకా పాత కంప్యూటర్‌ను చెరపకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు. మనిషి సెలవులో ఉంటే వచ్చేదాకా మా ఆఫీసు బీరువాలో ఉంచాలి. ఆ బీరువా ఎప్పుడూ నిండిపోయి ఉండేది, మా మేనేజర్ ఎప్పుడూ సణుగుతూ ఉండేవాడు. మేం నలుగురం ఆయన చాటున ఆ పద్ధతిని చూసి నవ్వుకునేవాళ్ళం. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే.

రెండో ఏడు ఘాజియాబాద్‌లో ఒక ఫ్యాక్టరీ పని వచ్చింది. రేకులను అచ్చులో పెట్టి నొక్కే పెద్ద ప్రెస్సు యంత్రాలు అక్కడ. మేం వెళ్ళడానికి నెల ముందే ఒక ప్రెస్సులో ఒక కార్మికుడు చెయ్యి పెట్టి ఉండగానే యంత్రం దిగింది. మూడో రోజు ఆస్పత్రిలో పోయాడు. చెయ్యి లోపల ఉంటే యంత్రాన్ని ఆపవలసిన రక్షణ తలుపు పనిచేయలేదట. అది పాడయిందని సూపర్‌వైజర్ తమకు చెప్పనేలేదని యాజమాన్యం అన్నది. ఆ సూపర్‌వైజర్ పేరు మహిపాల్. ఆయన్ని సస్పెండ్ చేశారు, పోలీసు కేసు పెట్టారు, గేటు లోపలికి రానివ్వడం మానేశారు. ఇదంతా నాకు ఆ రోజు తెలియదు. ప్రెస్సులున్న షెడ్డు పక్కనున్న చిన్న గదిలో అందరూ వాడే ఒక పాత కంప్యూటర్ ఉందనీ, దాంట్లో నాలుగు అకౌంట్లున్నాయనీ, అందులో ఒకటి మహిపాల్ అనే మనిషిదనీ మాత్రం తెలుసు.

ఆ రోజు అప్పలస్వామి గారికి మిలిటరీ ఆస్పత్రిలో కంటి ఆపరేషన్. నేను ఒక్కదాన్నే వెళ్ళాను. ముగ్గురు వచ్చి కూర్చుని తెరిచి చూసుకున్నారు. నాలుగో మనిషి ఏడీ అంటే, రాడు, నువ్వు కానియ్యి, అన్నాడు అక్కడి అధికారి. కొత్త కంప్యూటర్‌లో మా కంపెనీ పాస్‌వర్డ్‌తో మహిపాల్ అకౌంటు తెరిచి చూశాను. తెర మీద ఫైళ్ళ బొమ్మలు వరసగా ఉన్నాయి, కింద హిందీలో పేర్లున్నాయి. వచ్చేశాయి కదా అనుకున్నాను. పాత కంప్యూటర్లు ఈ పూటే చెరిపేసి ఇచ్చేస్తే పాతసామాను బండిలో ఎక్కిస్తామన్నాడు అధికారి. నా క్యాబ్ గేటు దగ్గర హారన్ కొడుతోంది. మా బీరువాలో చోటు లేదు. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకుని, చెరిపే ప్రోగ్రాం పెట్టి పూర్తయ్యేదాకా కూర్చుని, కాగితం మీద నాలుగు టిక్కులూ పెట్టి వచ్చేశాను.

తెర మీద కనిపించే బొమ్మ ఎప్పుడూ ఫైలు కాదు. ఒక్కోసారి అది ఫైలు ఎక్కడుందో చెప్పే గుర్తు మాత్రమే, ఇంటి ముందు తగిలించిన పేరుపలక లాంటిది. మహిపాల్ తన ఫైళ్ళను అదే కంప్యూటర్‌లో ఇంకోచోట, నేను చూడని డ్రైవులో దాచుకుని, గుర్తులు మాత్రం తెర మీద పెట్టుకున్నాడు. నేను పేరుపలకలు తెచ్చి కొత్త గోడకు కొట్టాను. ఇల్లు నేలమట్టం చేశాను. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజే చెప్పే సంగతి ఇది. నాకూ చెప్పారు.

మూడు వారాల తర్వాత విచారణలో ఆ కొత్త కంప్యూటర్ తెరిచారు. రక్షణ తలుపు పనిచేయడం లేదని మహిపాల్ మూడు ఉత్తరాలు రాసి, ప్రింటు తీసి ఆఫీసులో ఇచ్చాడట. ఆఫీసువాళ్ళు అందలేదన్నారు. షెడ్డులోకి ఫోను తీసుకెళ్ళనివ్వరు కనుక ఫొటోలు కూడా లేవు. కంప్యూటర్‌లో ఉన్నాయి చూడండి అన్నాడు. ఒక్కొక్క బొమ్మ మీద నొక్కితే, ఈ ఫైలు దొరకడం లేదు, అని మూడుసార్లు వచ్చింది. ఫోను మా ఆఫీసుకు వచ్చినప్పుడు అప్పలస్వామి గారు పక్కనే ఉన్నారు. కంటికి నల్ల అద్దాలు. నేను పెట్టిన టిక్కుల కాగితం తీసి, దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. తిట్టి ఉంటే బాగుండును అని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ సాయంత్రమే ఇద్దరం పాతసామాను కొట్టు వెతుక్కుంటూ వెళ్ళాం. ఆ పాత కంప్యూటర్ డిస్కు దొరికింది కూడా. ఆయన మూడు రోజులు దాంతో కుస్తీ పట్టారు. ఒక్క అక్షరం రాలేదు. జీవితంలో నేను లోపం లేకుండా చేసిన పని ఏదైనా ఉందా అంటే ఆ డిస్కు చెరపడమే.

నాలుగో రోజు, పద, మహిపాల్ ఇంటికి ఎల్దాం, అన్నారు. మీరే చెప్పండి సార్, నేను రాలేను, అని బతిమాలాను.

"పక్కన కూకుంటాను. సెప్పడం మాత్రం నువ్వే సెప్పాల," అన్నారు.

ఫ్యాక్టరీ వెనక బస్తీలో ఇల్లు. మహిపాల్ జీకి యాభై దాటి ఉంటాయి. మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి తను స్టూలు మీద కూర్చున్నాడు. ఆయన భార్య టీ తెచ్చింది. నేను నా వచ్చీరాని హిందీలో జరిగిందంతా చెప్పాను. అప్పలస్వామి గారు ఒక్క ముక్క అందించలేదు. మధ్యలో నాకు మాట ఆగిపోతే ఆగనిచ్చారు, మళ్ళీ నేనే మొదలుపెట్టేదాకా టీ గ్లాసు వంక చూస్తూ కూర్చున్నారు. మహిపాల్ జీ అంతా విన్నాడు. కోపం తెచ్చుకోలేదు. ఒకటే అడిగాడు.

"బేటీ, చెరిపేముందు ఒక్కటైనా తెరిచి చదివావా? ఒక్క లైను?"

చదవలేదు అన్నాను. తెరిచి ఉంటే ఫైలు లేదని అప్పుడే తెలిసేది. పాతదాంట్లోకి వెళ్ళి చదివి ఉంటే, ఆ ఉత్తరాలు ఉన్నాయని చెప్పడానికి ఒక మనిషి మిగిలేది. ఆయన మెల్లగా తల ఊపి, టీ చల్లారిపోతోంది తాగండి, అన్నాడు.

విచారణకు నేను వాంగ్మూలం రాసిచ్చాను. ఫైళ్ళ పేర్లు చూశానన్నాను. లోపల ఏముందో చూశావా అని అడిగారు. లేదన్నాను. సరే వెళ్ళమన్నారు. మహిపాల్ జీ ఉద్యోగం పోయింది, కేసు మిగిలింది. ఆ ఫ్యాక్టరీ మా కంపెనీకి పని ఇవ్వడం మానేసింది. ఆరు వారాలకు అప్పలస్వామి గారు, కళ్ళు ఆనడం లేదు, ఇంక సాలు, అని ఉద్యోగం వదిలేశారు. కళ్ళ వల్లే అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండింది కనుక అలాగే అనుకున్నాను. ఆ తర్వాత నాలుగేళ్ళలో ఆయన ఇంటికి ఐదుసార్లు వెళ్ళి ఉంటాను. కోడికూర తిన్నాం, సైన్యం కబుర్లు విన్నాను. మహిపాల్ మాట ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు, పిరికిదాన్ని.

పోయిన ఆదివారం ఫైళ్ళన్నీ కొత్త లాప్‌టాప్‌లోకి మారాయి. వాటి మనిషి లేడు కనుక ఆంటీని కూర్చోబెట్టి, ఒక్కొక్కటీ తెరిచి మొదటి లైను నేనే చదివి వినిపించాను. పెన్షన్ కాగితాలు, కూతురి పెళ్ళి పిలుపుల జాబితా, మందుల చీటీలు. చివర మహిపాల్ పేరుతో ఒక ఫోల్డరు ఉంది. తెరిచాను. అన్నీ అర్జీలు. కార్మిక శాఖకు, ఫ్యాక్టరీల తనిఖీ అధికారికి, ఇంకా ఎవరెవరికో, నెలకొకటి చొప్పున, ఆయన మిలిటరీ హిందీలో. ఒక్క జవాబు కూడా లేదు. మొదటి లైను చదివి ఆపలేకపోయాను. ప్రతి దాంట్లోనూ ఒక మాట ఉంది. కంప్యూటర్ చెరిపిన ఉద్యోగిని నా కింద పనిచేసేది, ఆ రోజు నేను వెళ్ళవలసింది, తప్పు నాది, ఇదే మాట మా కంపెనీకి రాసిచ్చి ఉద్యోగం వదులుకున్నాను, అని.

ఇదేంటి ఆంటీ, అన్నాను.

"నెలకోసారి ఆ మహిపాల్ వొచ్చీవోడు. ఇద్దరూ కూకుని ఇది రాసీవోరు," అంది ఆంటీ. "నీకు తెలీదేటి?"

తెలియదు. ఐదుసార్లు ఆ ఇంట్లో అన్నం తిన్నాను, నాకు తెలియదు.

ఆఖరి అర్జీ సగంలో ఆగిపోయి ఉంది. దాన్ని అలాగే ఉంచి ఇంకో కాపీ తీశాను. ఆ కాపీలో ఒక్క చోటే మార్చాను. ఆయన తన తప్పని రాసుకున్న మాట తీసి, ఆ కంప్యూటర్ చెరిపింది నేను, తప్పు నాది, అని రాసి నా పేరు పెట్టాను. మిగతా సగం ఆ రాత్రికి పూర్తి చేసి మహిపాల్ జీకి ఫోన్ చేశాను. ఇప్పుడాయన ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర కాపలా ఉంటున్నాడు. గొంతు గుర్తుపట్టాడు. వచ్చే ఆదివారం డ్యూటీ లేదు, ఆంటీ ఇంటికి వస్తానన్నాడు.

కబాడీవాలాకు ఇవ్వొద్దని చెప్పి పాత కంప్యూటర్‌ను నా గదికి తెచ్చుకున్నాను. మంచం కింద ఉంది. ఆ ఫోల్డరు ఎవరి పేరున ఉందో ఆ మనిషి వచ్చి, కొత్తదాని ముందు కూర్చుని, మొదటి లైను చదివేదాకా అది అక్కడే ఉంటుంది.