మూతి కొలిచిన తాడు

మామ పోయాడని మంగళవారం పొద్దున ఊర్నుంచి అత్తయ్య ఫోన్ చేసింది. "నిద్రల్నే పోయిండు బిడ్డా. రాత్రి అడిగి మరీ బువ్వ రెండు గంటెలు ఎక్కువ ఏపిచ్చుకున్నడు" అని ఏడుస్తూనే చెప్పింది. తిండి దగ్గర మామ ఎన్నడూ వెనకాడిన మనిషి కాదు.

ఆయన మా అమ్మ తమ్ముడు. ఊరికి తిరిగిపోయేదాకా బహ్రెయిన్‌లో మామీర్ కార్మికుల క్యాంపులో ఉంటూ ఏళ్ళ తరబడి ఫైబర్ నీళ్ళ ట్యాంకులు బాగుచేశాడు. లోపలికి దిగి అతుకు వేయడం ఆయన పని. దిగేముందు జేబులోంచి తాడు తీసి ట్యాంకు మూతి కొలిచేవాడు, తర్వాత తన నడుము. "మూతి కొలువనోడు మేస్త్రి కాదు" అనేవాడు.

నేను అక్కడే ఈసా టౌన్‌లో పిల్లలకు వయొలిన్ నేర్పుతాను. ఒకసారి మా వాద్యబృందం ఇటలీ బాలే నృత్యం ఒకదాన్నుంచి కచేరీ కోసం కూర్చిన పాత సంగీతం వాయించింది. మామను ముందు వరసలో కూర్చోబెట్టి కథ చెప్పాను. పగిలిన నూనె కాగును ఒకడు లోపల కూర్చుని అతుకుతాడు, తీరా బయటికి రాలేడు. మామకు కోపం వచ్చింది.

"మూతి కొలువలేదా వాడు? గసొంటోని మీద పాట కట్టిన్రా!"

చివర యజమాని ఒళ్ళుమండి తంతే కాగు పగులుతుంది, మనిషి బయటపడతాడు. అక్కడ బాజాలన్నీ ఒక్కసారిగా మోగాయి, హాలంతా చప్పట్లు. మామ ఒక్కడే దిగులుగా కూర్చున్నాడు. "మనిషి బయటవడ్డడు గని, పని ఖరాబయింది గదనే" అన్నాడు.

మరుసటి నెల మా మిద్దె మీది ట్యాంకు కారింది. మామ వచ్చి, కొలిచి, దిగాడు. అతుకు ఆరేదాకా కదలనన్నాడు. ఆకలంటే, బుద్ధి లేనిదాన్ని, ఆ తాడుకే కట్టి బిర్యానీ దింపాను. ఇద్దరు తినేది. తర్వాత పైకి రాబోతే తల వచ్చింది, భుజాలు వచ్చాయి, పొట్ట రాలేదు.

"కొలిచినవు గద మామా!"

"తినకముందు కొలిచిన బిడ్డా."

ఎండ మండుతోంది, లోపల అతుకు మందు వాసన. మామ మొహం ఎర్రబడేసరికి కింద ఉన్న వాచ్‌మన్ భాయ్‌ని కేకేశాను. అతను ట్యాంకు కోయడానికి మిషన్ తెచ్చాడు. మామ మూతిలోంచే గర్జించాడు.

"గా పాటల కాగు లెక్క పగులగొడ్తరా? నేను సస్త గని, మంచిగ జేసిన ట్యాంకు మీద చెయ్యి పడొద్దు!"

అత్తయ్యకు ఏం చెప్పాలిరా దేవుడా అని ఏడ్చాను. చివరికి గిన్నెలు తోమే సబ్బు ఒంటినిండా పోసి, ఇద్దరం చంకలు పట్టి లాగితే, చొక్కా లోపలే వదిలేసి ఊడి వచ్చాడు. రొప్పుతూ పడుకుని మొదట అడిగింది, "అతుకు మంచిగున్నదా?"

పనిని ఎంత ప్రేమించాలో నాకు నేర్పింది సంగీతం గురువులు కాదు, ఆ నురగలో పడున్న మామ.

అత్తయ్య ఫోన్ పెట్టేశాక మిద్దెక్కాను. ట్యాంకు చుట్టూ తడిమాను. ఎక్కడా చెమ్మ లేదు. మూత పిడికి ఆయన తాడు ఇంకా కట్టే ఉంది. ఫోన్‌లో ఆ సంగీతం పెట్టి ట్యాంకు మీద ఉంచాను. కాగు పగిలే చోటు రాకముందే ఆపేశాను.