పసుపు తెల్లబడిన వీడియో

ఫోను తీసి వేలితో నొక్కితే వీడియో వచ్చేస్తున్న ఈ కాలంలో చెబితే ఎవరూ నమ్మరు గానీ, ఆ రోజుల్లో వీడియో తీయడమంటే కరీంనగర్‌లో మూడు నెలలు ఉండి నేర్చుకోవలసిన విద్య. బస్టాండుకు దగ్గరలో ఒక ఫొటో స్టూడియో పైన, రెండు గదుల్లో మా శిక్షణ జరిగేది. మేము పన్నెండు మందిమి. పదకొండు మంది మగపిల్లలు, పన్నెండోదాన్ని నేను. మాకు నేర్పే ఆయనను కట్ సార్ అనేవాళ్లం. షూటింగులోనే కాదు, కప్పులో టీ ఎక్కువ పోస్తున్నా ఆయన "కట్, కట్" అనేవాడు. ఉన్నది ఒకటే కెమెరా. మగపిల్లలు వంతులవారీగా దాన్ని భుజాన వేసుకునేవారు. నా వంతు వచ్చేసరికి ఏదో ఒకటి జరిగేది. బ్యాటరీ అయిపోయేది, వాన వచ్చేది, లేదంటే సార్‌కు ఆకలయ్యేది. (ఏ రోజు ఏ సాకు చెప్పారో నోట్‌బుక్కులో రాసిపెట్టుకున్నాను. మొత్తం పందొమ్మిది. అందులో వాన ఒక్కటే నిజం.)

నాకు అప్పజెప్పిన పని వేరు. షూటింగ్ మొదలయ్యే ముందు ఒక తెల్ల కాగితం పట్టుకుని కెమెరా ఎదుట నిలబడాలి. సార్ కెమెరాను ఆ కాగితం మీదికి తిప్పి, పక్కనున్న బటన్ నొక్కి, "అయిపోయింది, జరుగు" అనేవాడు. రెండు నెలలు ఇదే పని. చివరికి నా పేరే 'కాగితం' అయింది. పేరు పెడితే పెట్టారు, అది మరో నోట్‌బుక్కుకు సంబంధించిన విషయం. నన్ను తినేసింది ఆ కాగితమే. దాని మీద ఏమీ రాసి లేదు, బొమ్మ లేదు. మరి కెమెరా అందులో ఏం చూస్తున్నట్టు? ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"సార్, ఉత్త కాగితం ఎందుకు చూపెడుతున్నం?"

"పట్టుకొమ్మంటే పట్టుకో. అన్ని నీకే కావాలె. కట్."

"కాగితానికి గూడ నోరచ్చింది సార్" అని వెనక నుంచి ఒకడు అన్నాడు. పది మంది నవ్వారు. (పదకొండోవాడికి జలుబు చేసి వినపడలేదు. వాడిని మాత్రం క్షమించాను.)

మూడో నెలలో వేములవాడ దగ్గర ఒక ఊళ్లో సార్‌కు తెలిసినవాళ్ల పెళ్లికి మమ్మల్ని ప్రాక్టికల్స్ అని తీసుకెళ్లారు. పెళ్లికూతురి తండ్రి దుబాయిలో ఉన్నాడు. సెలవు దొరకలేదు. "పెండ్లి అందరిదీ ఒక తీరే ఉంటది. నా బిడ్డకు పసుపు పెట్టేది మాత్రం మంచిగ తీయించు. అదొక్కటన్న చూస్త" అని ఫోనులో భార్యకు మరీ మరీ చెప్పాడట. ఆమె ఆ మాటను సార్‌కు నాలుగుసార్లు చెప్పింది. సార్ కెమెరా ఎత్తుకుని, వెనక పదకొండు మందితో పసుపు పెట్టే గది గడప దాకా వెళ్లాడో లేదో, లోపలి నుంచి పెళ్లికూతురి బాపమ్మ, అంటే నాయనమ్మ, కేక వేసింది.

"ఎవలయ్యా మీరంత? ఆడోళ్ల నడుమ మీకేం పని? నడువుండ్రి బయటికి!"

సార్ అటూ ఇటూ చూశాడు. అందరినీ దాటి ఆయన చూపు నా మీద ఆగింది. కెమెరా నాకివ్వాల్సి వచ్చినందుకు ఆయన మనసు ఎంత నొచ్చుకుందో ఆ మొహం చూస్తేనే తెలిసేది. కెమెరా నా చేతిలో పెట్టి, "మడత స్క్రీన్ పాడైంది, కంటికాడి రంధ్రంల నుంచే చూడు. ఊపకు. ఇగో, కాగితం" అన్నాడు. నేను కెమెరా తీసుకున్నాను. కాగితం మాత్రం తీసుకోలేదు. రెండు నెలలు మోసినదాన్ని నా రోజున కూడా మోయాలా?

లోపలికి వెళ్లాక గుర్తొచ్చింది, బటన్ నొక్కే ముందు ఏదో తెల్లది చూపించాలి కదా అని. ఎందుకో తెలియదు గానీ చూపించాలి. ఇక బయటికి వెళ్లి కాగితం అడగడం నా వల్ల అయ్యే పని కాదు.

"అమ్మా, ఒక తెల్లబట్ట ఉంటే ఇయ్యరా?"

బాపమ్మ నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "పెండ్లింట్ల ఉత్త తెల్లబట్టనా? గదేం మాటనే పిల్లా, నోట్ల మన్నుపడ!" అంటూనే ఒక కొత్త పంచె తీసి, పసుపు నీళ్లలో ముంచి, పిండి, "ఇగో, గిట్ల పట్టుకో. ఇప్పుడు శుభం" అని తనే కెమెరా ముందు పరిచి నిలబడింది. ఆ కంటి రంధ్రంలో అంతా నలుపు తెలుపుల్లోనే కనిపిస్తుంది. పసుపులో ముంచిందని తెలిసినా, అందులో నుంచి చూస్తే పంచె నాకు తెల్లగానే ఉంది. బటన్ నొక్కాను. ఆ తర్వాత గంటసేపు ప్రాణం పెట్టి తీశాను. పెళ్లికూతురి చెంపలు, చేతులు, పాదాలు, పసుపు రాస్తూ అత్తలు ఆడే సరసాలు, ఏదీ వదల్లేదు.

మూడో రోజున కేసెట్ ఉన్న కెమెరాను టీవీకి తగిలించారు. కొడుకులా పెంచిన బిడ్డ పసుపు ఎలా వచ్చిందో చూస్తానని పెళ్లికూతురి తల్లి కూడా వచ్చి కూర్చుంది. తెర మీద పసుపు లేదు. పళ్లెంలో ఉన్నది సున్నంలా ఉంది. పెళ్లికూతురు ఒళ్లంతా సున్నం పూసుకున్నట్టుంది. చుట్టూ ఆడవాళ్ల మొహాలు చన్నీళ్లలో నుంచి తీసినట్టు నీలంగా ఉన్నాయి.

"అయ్యో, మా బిడ్డకు ఏమైంది?" అని ఆ తల్లి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "ఆయన గిది చూస్తే గుండె ఆగదా?"

"ఏం చూపినవే దీనికి?" అన్నాడు సార్.

చెప్పాను. పదకొండు మందీ నవ్వారు (జలుబువాడు కూడా). నా కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ నోరు మాత్రం ఆగలేదు. "కాగితం పట్టుడు నేర్పిన్రు సార్, కాగితం ఎందుకో నేర్పలే. అడిగితే కట్ అన్నరు."

సార్ మొదటిసారి కట్ అనకుండా, కంప్యూటర్ ముందు తన పక్కన కుర్చీ లాగి నన్ను కూర్చోమన్నాడు. "కెమెరాకు తెలుపంటే ఏందో తెల్వది. ఇది తెలుపు అని మనమే చూపియ్యాలె. నువ్వు పసుపును చూపి తెలుపన్నవ్. అది నమ్మి పసుపును తెలుపు చేసింది, మిగిలినయన్ని నీలం చేసింది" అన్నాడు. ఆశ్చర్యంతో నా కోపం పోయింది (సుమారు రెండు నిమిషాలు). అంత పెద్ద యంత్రానికి తెలుపు తెలియదా! ఆయన మౌస్ నా చేతికే ఇచ్చాడు. తెర మీది రంగుల గీత వెంట దాన్ని జరుపుతుంటే నీలం కరిగి, చెంపల మీదికి పసుపు మెల్లగా ఎక్కింది. సరిగ్గా కుదిరిన చోట ఆపాను.

"ఇంకింత" అంది వెనక నుంచి తల్లి.

"చాలమ్మా, ఇదే అసలు రంగు."

"నీకేం ఎరుక? మా ఆయన కండ్లకు కొట్టచ్చినట్టు కనవడాలె. ఇంకా జర!"

జరిపాను. ఆమె తృప్తిపడేసరికి గోడలకు కూడా పసుపు రాసినట్టయింది.

ఆ సీడీ దుబాయి వెళ్లే మనిషి చేతికి ఇచ్చి పంపారు. అక్కడి నుంచి మాట వచ్చేదాకా నాకు అన్నం సహించలేదు. ఒక ఆదివారం శిక్షణ గదిలో ఫోను మోగింది. "గా కెమెరా పిల్లకియ్యుండ్రి" అంది అవతల పెళ్లికూతురి తల్లి.

"మూడుసార్లు చూసిండట బిడ్డా. ఏడ్చిండు, నవ్విండు. ఒక్కటే అడిగిండు, మా అవ్వ ఎంటికలు గూడ పసుపురంగున్నయేంది అని."

"మరి ఏమన్నరు?"

"మనుమరాలి పెండ్లి గద, ముసలామె సోకు చేసుకున్నది అన్న!"

ఆ సీడీ నకలు ఒకటి నా దగ్గర ఉంది. గంటసేపు తీసిన మనిషిని ఎవరూ ఒక్క క్షణమైనా తీయలేదు, అది ఇప్పటికీ నా ఫిర్యాదే. కానీ ఒకచోట ఆడవాళ్లంతా పగలబడి నవ్వుతుంటే కెమెరా వెనక నుంచి ఒక గొంతు గద్దిస్తుంది. "నవ్వకుండ్రి, కెమెరా ఊగుతుంది!" ఊపుతున్నది నవ్వు ఆపుకోలేని తనే. పందొమ్మిదేళ్ల ఆ పిల్ల పెత్తనం విన్నప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. దాని మీద మాత్రం నాకు ఏ ఫిర్యాదూ లేదు.