వల కింద ఏముందో

ఆ రోజుల్లో, అంటే అరవైల చివర్లో, కాలేజీలో చేరిన ప్రతివాడికీ ఏదో ఒక పిచ్చి ఉండేది. ఒకడికి సినిమాలు, ఒకడికి రాజకీయాలు. నాకు చిక్కులెక్కలు. శ్రీకాకుళంలో మా లెక్కల మేష్టారు ఒకసారి పాఠం ఆపి, దారి చీలిన చోట ఇద్దరు నిలబడ్డారనీ, ఒకడు ఎప్పుడూ నిజమే, ఇంకొకడు ఎప్పుడూ అబద్ధమే చెబుతాడనీ, ఎవడెవడో మనకు తెలియదనీ, ఒక్క ప్రశ్నతో సరైన దారి కనుక్కోవాలనీ అన్నారు. నాకు అన్నం సహించలేదు. చివరికి తట్టింది. 'రెండోవాణ్ణి అడిగితే ఏ దారి చూపిస్తాడు?' అని ఎవరినైనా అడిగి, వచ్చిన జవాబును తిరగేసుకోవడమే. మధ్యలో అబద్ధం ఒకసారి దూరి తీరుతుంది కాబట్టి ఆ జవాబు తప్పే అవుతుంది. ఇక లోకంలో నన్ను మోసం చేయగలవాడు లేడనుకున్నాను (అప్పటికి మీసం కూడా సరిగ్గా రాలేదు).

ఆ సెలవుల్లో కళింగపట్నంలో మా మావ ఇంటికి వెళ్లాను. ఆయనది చేపల బేరం. ఆయన కూతురంటే నాకు చిన్నప్పట్నుంచీ ఇష్టం, ఆ సంగతి ఆయనకీ తెలుసు. "సదువుకున్నావని పిల్లనిచ్చెయ్యనురా. రేపు నా బదులు నువ్వెల్లి సరుకు తే, సూద్దుం" అన్నాడు.

తెల్లారేసరికి రెండు పడవలు ఒడ్డుకొచ్చాయి. అన్నదమ్ములవి. అన్న నోట అబద్ధం రాదనీ, తమ్ముడి నోట నిజం రాదనీ ఊరంతా అనేవారు. రెండింట్లోనూ పైన వల కప్పి ఉంది. ముందు ఏ పడవ దగ్గర నిలబడితే దాని సరుకే మనది. అక్కడ లేదని రెండోదాని దగ్గరికి పరుగెత్తేలోగా వేరే బేరగాళ్లు తట్టలకెత్తేసుకుంటారు. మేష్టారి లెక్క నన్ను వెతుక్కుంటూ వచ్చినట్టనిపించింది. అన్న పడవ దిగగానే అడిగాను (నిజం చెప్పేవాణ్ణి నేరుగా అడగొచ్చు కదా అంటారేమో. అలా అడిగితే ఇక లెక్కెక్కడుంటుంది?).

"ఈ పడవలో సేపలున్నాయా అని మీ తమ్ముణ్ణడిగితే ఏటంటాడు?"

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "ఏటీ నేదంటాడు."

తిరగేశాను. అంటే నిండా ఉన్నాయన్నమాట. ఆ పడవ పక్కనే గుంజలా పాతుకుపోయాను. అవతల తమ్ముడు వల తీశాడు. చందువలు, వంజరాలు తళతళలాడాయి. బేరగాళ్లంతా అటు పరుగెత్తారు. నేను మాత్రం కదల్లేదు. అప్పుడు అన్న వల తీశాడు. కొంచెం నాచు, రెండు పీతలు.

"నేదనే సెప్పాను కదా బావూ" అన్నాడు జాలిగా.

నేనూ ఆ గాలికి పెరిగినవాణ్ణే. ఏం పడిందని ఒడ్డున ఎవరినడిగినా ఉందని చెప్పరు, దిష్టి తగులుతుందని. పడవ మునిగేంత పడినా "ఏటీ నేదు", ఉత్తి పడవ తెచ్చినా "ఏటీ నేదు". ఆ ఒక్క విషయంలో అన్నా తమ్ముడూ ఒకటే. ఉగ్గుపాలతో తెలిసిన ఈ సంగతి లెక్క మోజులో మరిచిపోయాను.

పీతలు పట్టుకుని ఇంటికెళ్లి జరిగిందంతా చెప్పాను. లెక్క కూడా విడమరిచి చెప్పాను (అది చెప్పకుండా ఉండాల్సింది). "ఈడికిస్తే పిల్ల సముద్రం పక్కనే పస్తులుంటాది" అన్నాడు మావ అత్తతో. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన కూతురి వైపు తిరిగి, "ఏటే, ఈడి మీద నీకేటైనా ఉన్నాదేటి?" అని అడిగాడు. ఆమె పీతల గిన్నెలోంచి తలెత్తకుండా, "ఏటీ నేదు" అంది. నాకు ఏడుపొచ్చినంత పనయింది. మావ వంగి కూతురి ముఖం చూసి, పడీపడీ నవ్వాడు.

"ఒరే, ఈ పడవ నిండా ఉన్నాదిరా."

నా చదువు పూర్తవగానే పెళ్లి చేశారు. మొన్న సాయంత్రం వరండాలో కూర్చుని, "నన్ను సేసుకుని సుఖపడ్డావేటి?" అని అడిగాను. చేటలో బియ్యం ఏరుకుంటూ, "ఏటీ నేదు" అంది. దిష్టి తగులుతుందనే అలా అందని నా నమ్మకం. కాకపోతే అన్న పడవలోని ఆ నాచు కూడా నాకింకా గుర్తుంది. ఆనాటి కుర్రాడైతే వెంటనే ఇంకో ప్రశ్న వేసేవాడు. నేను వెయ్యలేదు. చేట దగ్గరికి జరిగి, ఆవిడతో పాటు రాళ్లు ఏరుతూ కూర్చున్నాను.